ఎఫ్‌డీ గడువు తీరాక: మళ్లీ బ్యాంకులోనే వేయాలా, ఫండ్‌లో పెట్టాలా?

2023లో చాలామంది ఏడు శాతం పైన వడ్డీ వస్తోందని రెండు మూడేళ్లకు ఫిక్స్‌డ్ డిపాజిట్లు వేశారు. ఆ డబ్బు గడువు తీరి చేతికి వచ్చేసరికి పరిస్థితి మారింది. 2025 ఫిబ్రవరి మొదట్లో 6.5 శాతం ఉన్న రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పుపై వడ్డీ) రిజర్వు బ్యాంకు అదే ఏడాది డిసెంబరు కల్లా 5.25 శాతానికి తగ్గించింది. డిపాజిట్ రేట్లూ దాని వెంటే దిగాయి. రెన్యువల్ చేయించడానికి వెళ్తే పాత వడ్డీ లేదంటారు. అదే కౌంటర్ దగ్గర "మ్యూచువల్ ఫండ్‌లో పెట్టండి, ఇంతకంటే బాగా వస్తుంది" అని ఇంకొకరు చెబుతారు.

అప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: ఎక్కడ ఎక్కువ వస్తుంది? అది మూడో ప్రశ్న కావాలని నేను గట్టిగా నమ్ముతాను. మొదటిది, ఈ డబ్బు ఏ తేదీకి కావాలి? రెండోది, మీ ఆదాయపు పన్ను లెక్క ఎలా ఉంది? ఈ రెండూ తేలితే ముప్పాతిక వంతు నిర్ణయం అయిపోయినట్టే.

## ముందు తేల్చుకోవాల్సినవి

తేదీ. వచ్చే జూన్‌లో కాలేజీ ఫీజు కట్టాలి, ఏడాదిన్నరలో అమ్మాయి పెళ్లి, ఇంటి స్లాబుకు డబ్బు కావాలి: ఇలా తేదీ ఉన్న డబ్బు వేరు, "ఊరికే ఉంది, ఎప్పటికైనా పనికొస్తుంది" అన్న డబ్బు వేరు. రెండింటినీ ఒకే చోట పెట్టడం వల్లే సగం ఇబ్బందులు వస్తాయి.

అసలు తగ్గితే ఓర్చుకోగలరా? ధైర్యం ఒక్కటే ఉంటే చాలదు. అవసరం పడిన రోజున పది లక్షలకు తొమ్మిదిన్నర లక్షలే ఉంటే మీ పని ఆగిపోతుందా లేదా అన్నది చూసుకోవాలి.

పన్ను. ఐదు శాతం శ్లాబులో ఉన్నవారికీ ముప్పై శాతం శ్లాబులో ఉన్నవారికీ సరైన సమాధానం ఒకటి కాదు. దీని లెక్క కింద వివరంగా వేశాను.

ఇంట్లో ఇంకెవరికి తెలుసు? ఎఫ్‌డీ బాండు బీరువాలో ఉంటుంది, ఏ బ్యాంకుకు వెళ్లాలో ఇంటిల్లిపాదికీ తెలుసు. ఫండ్ అయితే ఫోనులో, ఒకరి మెయిల్‌లో ఉంటుంది. పెట్టినవారికి ఏదైనా అయితే మిగతావాళ్లు దాన్ని వెతికి పట్టుకోగలగాలి. ఈ సంగతి ఎవరూ పట్టించుకోరు కానీ, నాకైతే రాబడి కంటే ఇదే ముఖ్యమనిపిస్తుంది.

## అసలు తేడా ఎక్కడుంది

ఎఫ్‌డీ వేసినప్పుడు మీరు బ్యాంకుకు అప్పు ఇస్తున్నారు. ఆ డబ్బును బ్యాంకు ఎవరికి అప్పిచ్చింది, వాళ్లు కట్టారా ఎగ్గొట్టారా అన్నది బ్యాంకు తలనొప్పి. మీకు చెప్పిన వడ్డీ చెప్పిన రోజున ఇచ్చి తీరాలి. బ్యాంకే మునిగితే డిపాజిట్ బీమా సంస్థ డీఐసీజీసీ అసలు, వడ్డీ కలిపి ఒక్కో డిపాజిటరుకు ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకా ఇస్తుంది. 2020 ఫిబ్రవరి దాకా ఈ పరిమితి లక్ష రూపాయలే ఉండేది. ఒకే బ్యాంకులో నాలుగు బ్రాంచీల్లో వేసినా అన్నీ కలిపే లెక్క కడతారు. పొలం అమ్మిన డబ్బు లాంటి పెద్ద మొత్తం చేతికొస్తే వేర్వేరు బ్యాంకుల్లో విడగొట్టమనేది ఇందుకే.

డెట్ ఫండ్‌లో పెట్టినప్పుడు మధ్యలో ఆ బ్యాంకు ఉండదు. ప్రభుత్వ బాండ్లు (అప్పు పత్రాలు), కంపెనీల బాండ్లు, బ్యాంకుల సర్టిఫికెట్లు ఫండ్ కొంటుంది. వచ్చింది వచ్చినట్టు తన ఖర్చు తీసుకుని మీకు పంచుతుంది. లాభం మీదే, నష్టం కూడా మీదే. ఫండ్ నడిపే కంపెనీ దివాలా తీసినా మీ బాండ్లు పోవు, అవి కస్టోడియన్ దగ్గర ట్రస్టు పేరిట విడిగా ఉంటాయి. కానీ ఆ బాండ్ల విలువకు హామీ ఇచ్చేవారెవరూ లేరు.

విలువ రెండు కారణాలతో తగ్గుతుంది. ఒకటి, వడ్డీ రేట్లు పెరగడం. మార్కెట్లో కొత్త బాండు ఎనిమిది శాతం ఇస్తుంటే మీ ఫండ్ దగ్గరున్న ఏడు శాతం పాత బాండును పూర్తి ధరకు ఎవరూ కొనరు. ఎంత తగ్గుతుందో చెప్పే అంకె ప్రతి ఫండ్ నెలనెలా తన వివరాలు చెప్పే ఫ్యాక్ట్‌షీట్‌లోనూ ఉంటుంది, దాన్ని మోడిఫైడ్ డ్యూరేషన్ అంటారు. అది 7 ఉంటే, రేట్లు ఒక శాతం పెరిగినప్పుడు ఫండ్ విలువ సుమారు ఏడు శాతం పడుతుంది. అది 1 ఉంటే ఒక శాతం. రూపాయి పతనాన్ని ఆపడానికి 2013 జూలైలో రిజర్వు బ్యాంకు స్వల్పకాలిక రేట్లను ఒక్కసారిగా పెంచినప్పుడు దీర్ఘకాలిక ఫండ్లు గట్టిగా పడ్డాయి. ప్రభుత్వ బాండ్లే కదా అని ధీమాగా ఉన్నవాళ్లు కూడా నష్టం చూశారు.

రెండోది, అప్పు తీసుకున్న కంపెనీ చేతులెత్తేయడం. 2018 సెప్టెంబరులో మౌలిక వసతులకు అప్పులిచ్చే సంస్థ ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ కుప్పకూలినప్పుడు ఇది ఫండ్ల దాకా పాకింది. 2019 జూన్‌లో గృహరుణాల కంపెనీ డీహెచ్‌ఎఫ్‌ఎల్ చెల్లింపు తప్పినప్పుడు, ఆ బాండ్లు ఎక్కువగా ఉన్న ఒక పథకం ఎన్ఏవీ (ఒక్కో యూనిట్ విలువ) ఒక్కరోజులో సగానికి పైగా పడిపోయింది. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్‌టన్ సుమారు 25 వేల కోట్లున్న ఆరు డెట్ పథకాలను మూసేసింది. డబ్బు తర్వాత విడతలుగా తిరిగి వచ్చింది. కానీ మొదటి విడత అందడానికే 2021 ఫిబ్రవరి అయింది. కోవిడ్ కాలంలో ఆస్పత్రి ఖర్చుకని ఆ డబ్బు మీద ఆధారపడినవాళ్ల సంగతి ఆలోచించండి. ఈ పథకాలు కాస్త ఎక్కువ రాబడి కోసం తక్కువ రేటింగ్ (అప్పు తీర్చే సత్తాకు ఇచ్చే మార్కు) ఉన్న బాండ్లు కొన్నవి.

అందుకే నా మాట ఒకటే: ఎఫ్‌డీకి బదులుగా తీసుకునే ఫండ్ ఎఫ్‌డీ చేసే పనే చేయాలి. ఒకటి రెండు శాతం ఎక్కువ ఇస్తుందని క్రెడిట్ రిస్క్ ఫండ్ తీసుకుంటే అది ఎఫ్‌డీకి బదులు కాదు. ఆ పేరుతో ఉన్న ఫండ్లు కనీసం 65 శాతం డబ్బును ఏఏ, అంతకంటే తక్కువ రేటింగ్ ఉన్న కంపెనీ బాండ్లలోనే పెట్టాలన్నది మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన నిబంధన.

## ఎంపికలు ఒక్క చూపులో

| ఎంపిక | ఎలాంటి డబ్బుకు | అసలుకు ముప్పు | పన్ను |
|---|---|---|---|
| బ్యాంకు ఎఫ్‌డీ | తేదీ ఖాయంగా తెలిసిన డబ్బు | 5 లక్షల దాకా బీమా | ఏటా వడ్డీపై, శ్లాబు ప్రకారం |
| లిక్విడ్ ఫండ్ | వారం నుంచి ఏడాది | చాలా తక్కువ | తీసినప్పుడే, శ్లాబు ప్రకారం |
| షార్ట్ డ్యూరేషన్, కార్పొరేట్ బాండ్, బ్యాంకింగ్ అండ్ పీఎస్‌యూ ఫండ్లు | రెండు మూడేళ్లు, ఆపైన | తక్కువ, కొన్ని నెలలు తగ్గొచ్చు | తీసినప్పుడే, శ్లాబు ప్రకారం |
| టార్గెట్ మెచ్యూరిటీ ఫండ్ | ఫండ్ ముగిసే ఏడాదికి కావాల్సిన డబ్బు | మధ్యలో ఊగుతుంది, చివరిదాకా ఉంటే తక్కువ | తీసినప్పుడే, శ్లాబు ప్రకారం |
| ఆర్బిట్రేజ్ ఫండ్ | ఏడాది దాటే డబ్బు | తక్కువ | ఏడాది దాటాక 1.25 లక్షల లాభంపైన 12.5 శాతం |
| ఈక్విటీ (షేర్ల) ఫండ్ | ఏడేళ్లు, ఆపైన | ఎక్కువ | పై వరుసలో ఉన్నట్టే |

డెట్ ఫండ్ల పన్ను గురించి పాత సలహాలు ఇంకా చలామణీలో ఉన్నాయి. మూడేళ్లు ఉంచితే ఇండెక్సేషన్ (ధరల పెరుగుదల మేరకు కొన్న ధరను పెంచి లాభం లెక్కించడం) వస్తుందనీ, పన్ను బాగా తగ్గుతుందనీ చెబుతారు. 2023 ఏప్రిల్ 1 నుంచి కొన్న డెట్ ఫండ్లకు అది లేదు. పదేళ్లు ఉంచినా లాభం మీ ఆదాయానికి కలిపి శ్లాబు ప్రకారమే పన్ను వేస్తారు.

## ఒక్కొక్కటిగా

ఎఫ్‌డీ. దీని బలం రాసిచ్చిన అంకె. అవసరం పడితే దాని మీద 90 శాతం దాకా అప్పు దొరుకుతుంది, మధ్యలో తీసినా సాధారణంగా అర శాతం నుంచి ఒక శాతం వడ్డీ కోత తప్ప అసలుకు ఢోకా లేదు. బలహీనత పన్ను. వడ్డీ చివర్లోనే ఇచ్చే క్యుములేటివ్ డిపాజిట్ అయినా, చేతికి రూపాయి రాకపోయినా, ఏటా జమయ్యే వడ్డీ మీ ఆదాయంలోకి వస్తుంది. ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50 వేలు దాటితే, సీనియర్ సిటిజన్లకైతే లక్ష దాటితే టీడీఎస్ (ముందే కోసే పన్ను) పడుతుంది. ఈ పరిమితులు 2025 ఏప్రిల్ నుంచి వచ్చాయి. పన్ను పడని ఆదాయమైతే ప్రతి ఏడాదీ మొదట్లోనే పన్ను కోయొద్దని బ్యాంకుకు డిక్లరేషన్ ఇవ్వడం మర్చిపోకండి.

లిక్విడ్ ఫండ్. 91 రోజుల లోపు గడువున్న పత్రాలే కొంటుంది. ఏడు రోజుల లోపు తీస్తే నామమాత్రపు ఎగ్జిట్ లోడ్ (ముందే తీసినందుకు కోత), తర్వాత ఏమీ ఉండదు. సాధారణంగా మరుసటి పనిదినానికి డబ్బు ఖాతాలో పడుతుంది. సేవింగ్స్ ఖాతాలో ఊరికే పడి ఉన్న డబ్బుకు ఇది మంచి చోటు. ఏడాది ఎఫ్‌డీని మించి రాబడి వస్తుందని మాత్రం ఆశించకండి.

షార్ట్ డ్యూరేషన్, కార్పొరేట్ బాండ్, బ్యాంకింగ్ అండ్ పీఎస్‌యూ. ఎఫ్‌డీకి పోటీగా నిలబడగలిగేవి ప్రధానంగా ఇవే. కార్పొరేట్ బాండ్ ఫండ్ కనీసం 80 శాతం ఏఏ ప్లస్, ఆపైన రేటింగ్ ఉన్న బాండ్లలోనే పెట్టాలి. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. రేట్లు తగ్గిన ఏడాది పాత బాండ్ల ధర పెరిగి ఫండ్ గత రాబడి తళతళలాడుతుంది. అది చూసి చేరితే ఆ పెరుగుదల మీకు రాదు, అది అయిపోయింది. గత రాబడి పక్కన పెట్టి ఫ్యాక్ట్‌షీట్‌లో వైటీఎం (ఇప్పటి బాండ్లను గడువు దాకా ఉంచితే వచ్చే రాబడి) అంకె చూడండి. అందులోంచి ఎక్స్‌పెన్స్ రేషియో (ఫండ్ ఏటా తీసుకునే ఖర్చు శాతం) తీసేయండి. మిగిలేది, ఆ ఫండ్ డ్యూరేషన్‌కు సరిపడా కాలం ఉంచితే సుమారుగా ఏడాదికి వచ్చే రాబడి. వైటీఎం 6.9, ఖర్చు 0.4 అయితే 6.5. దాన్ని మీ బ్యాంకు రేటు పక్కన పెట్టి చూస్తే ఎవరి మాటల గారడీ అవసరం లేదు.

టార్గెట్ మెచ్యూరిటీ. ఒక నిర్ణీత సంవత్సరంలో ముగిసే బాండ్లనే కొని, ఆ ఏడాది డబ్బు తిరిగిచ్చే ఫండ్. నడవడికలో ఎఫ్‌డీకి అన్నింటికంటే దగ్గర. 2019 డిసెంబరులో మొదలైన భారత్ బాండ్ ఈటీఎఫ్ ప్రభుత్వ రంగ సంస్థల ట్రిపుల్ ఏ (అన్నింటికంటే పై రేటింగ్) బాండ్లు కొనే ఇలాంటిదే, దాని తొలి విడత 2023 ఏప్రిల్‌లో గడువు తీరింది. పిల్లల చదువు ఏ సంవత్సరంలో మొదలవుతుందో తెలిసినవాళ్లకు చక్కగా సరిపోతుంది. మధ్యలో తీస్తే ఆనాటి ధరకే తీసుకోవాలి.

ఆర్బిట్రేజ్. ఒకే షేరును నగదు మార్కెట్లో కొని ఫ్యూచర్స్‌లో (ముందు తేదీకి ఒప్పందాలు చేసుకునే మార్కెట్) అమ్మి, ఆ రెండు ధరల తేడాను లాభంగా తీసుకుంటుంది. షేరు పెరిగినా తగ్గినా పెద్దగా పట్టదు. పన్ను లెక్కలో మాత్రం ఈక్విటీ కిందికి వస్తుంది, దాని ఆకర్షణ అంతా అక్కడే. ఏడాది లోపు తీస్తే 20 శాతం పన్ను. ఆ ధరల తేడా బక్కచిక్కిన నెలల్లో రాబడి చప్పగా ఉంటుంది.

ఈక్విటీ. దీన్ని ఎఫ్‌డీకి బదులుగా ఎవరైనా చూపిస్తే ఆ సంభాషణ అక్కడితో ఆపేయండి. 2008 జనవరిలో 21 వేలు తాకిన సెన్సెక్స్ అక్టోబరులో తొమ్మిది వేల దిగువకు వచ్చింది. 2020లో 42 వేల నుంచి రెండు నెలల్లో 26 వేల దిగువకు పడింది. రెండుసార్లూ కోలుకుంది. మొదటిసారి ఏళ్లు పట్టింది, రెండోసారి నెలల్లోనే అయింది. ఎప్పుడు ఏది జరుగుతుందో ముందుగా తెలియదు కాబట్టి, తేదీ ఉన్న డబ్బుకు ఇది చోటు కాదు. పదేళ్ల తర్వాతి డబ్బుకు మాత్రం ద్రవ్యోల్బణాన్ని దాటే సత్తా ఉన్నది ఇందులోనే.

## పది లక్షల లెక్క

ముప్పై శాతం శ్లాబు, సెస్సుతో కలిపి 31.2 శాతం. ఐదేళ్లు. మూడు చోట్లా ఏటా 6.5 శాతమే వచ్చిందనుకుందాం. రాబడి సమానంగా పెడితేనే పన్ను ప్రభావం విడిగా కనిపిస్తుంది.

| | ఐదేళ్ల తర్వాత పన్ను పోను |
|---|---|
| ఎఫ్‌డీ, ఏటా పన్ను కట్టి | సుమారు 12.45 లక్షలు |
| డెట్ ఫండ్, చివర్లో పన్ను | సుమారు 12.55 లక్షలు |
| ఆర్బిట్రేజ్ ఫండ్, చివర్లో 12.5 శాతం | సుమారు 13.38 లక్షలు |

డెట్ ఫండ్‌లో పన్ను వాయిదా పడటం వల్ల ఐదేళ్లకు మిగిలింది పది వేలు. ఆ పది వేల కోసం హామీ వదులుకోవాలా అన్నది నిజాయితీగా వేసుకోవాల్సిన ప్రశ్న. రిటైరయ్యాక, శ్లాబు తగ్గాక తీసేటట్టయితే ఈ తేడా పెరుగుతుంది. ఆర్బిట్రేజ్ దగ్గర మాత్రం తేడా తొంభై వేలు పైమాటే. అక్కడ 6.5 శాతానికి హామీ లేదు, అయినా పై శ్లాబులో ఉన్నవారికి ఆ వెసులుబాటు చిన్నది కాదు.

ఇదే లెక్క ఇంకొకరి ఇంట్లో తిరగబడుతుంది. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా ఆదాయమున్నవారికి రిబేటుతో పన్ను సున్నా. ఆరు లక్షల పింఛను, నాలుగు లక్షల ఎఫ్‌డీ వడ్డీ వచ్చే పెద్దాయన కట్టాల్సింది ఏమీ లేదు. ఈ రిబేటు ఈక్విటీ తరహా దీర్ఘకాలిక లాభాలకు వర్తించదు. ఆయన పన్ను తగ్గుతుందని ఆర్బిట్రేజ్‌కు వెళితే 1.25 లక్షలు దాటిన లాభం మీద లేని పన్ను నెత్తికెత్తుకున్నట్టే.

## ఎవరికి ఏది

రిటైరైనవాళ్లు, ఆదాయం 12 లక్షల లోపు: ముందు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ చూడండి. 30 లక్షల దాకా పెట్టొచ్చు, వడ్డీ మూడు నెలలకోసారి, 2023 ఏప్రిల్ నుంచి రేటు 8.2 శాతంగా ఉంటూ వచ్చింది. ఆ తర్వాత రెండు మూడు బ్యాంకుల్లో ఐదేసి లక్షల లోపు ఎఫ్‌డీలు. ఫండ్ల జోలికి వెళ్లాల్సిన అవసరం మీకు పెద్దగా లేదు, వెళ్లమని ఒత్తిడి చేసేవారి మాట వినకండి.

ముప్పై శాతం శ్లాబు ఉద్యోగులు: ఆరు నెలల ఖర్చులో సగం ఎఫ్‌డీ, సగం లిక్విడ్ ఫండ్. ఏడాది దాటి మూడేళ్ల లోపు కావాల్సినది ఆర్బిట్రేజ్. అంతకంటే దూరంలో తేదీ ఉన్నదానికి టార్గెట్ మెచ్యూరిటీ.

ఏడాదిలో పెళ్లి, ఇల్లు, ఫీజు ఉన్నవాళ్లు: ఎఫ్‌డీ వేసి నిశ్చింతగా ఉండండి. పది లక్షల మీద అర శాతం ఎక్కువ వచ్చినా ఏడాదికి ఐదు వేలు; దాని కోసం ముహూర్తం ముందు ఎన్ఏవీ చూసుకుంటూ కూర్చోవడం ఎందుకు?

విదేశాల్లో ఉన్న పిల్లల డబ్బు: ప్రవాసులు విదేశీ సంపాదనను ఇక్కడ దాచుకునే ఎన్ఆర్ఈ డిపాజిట్ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. ఎన్ఆర్ఐలు ఫండ్ తీసినప్పుడు లాభంలో టీడీఎస్ కోస్తారు. వాళ్ల పేరున ఉన్న ఎఫ్‌డీని తీసి ఫండ్‌లో పెట్టే ముందు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. వాళ్లుండే దేశంలో పన్ను సంగతి వేరే.

## ఫండే అని తేల్చుకుంటే

పథకం పేరు పక్కన మొత్తం ముప్పు చూపే రిస్కోమీటర్ కాకుండా ఇంకో గడుల పట్టిక ఉంటుంది. 2021 డిసెంబరు నుంచి ప్రతి డెట్ ఫండూ అది చూపించాలి. ఏ, బీ, సీ అక్షరాలు రుణ ముప్పును, I, II, III అంకెలు వడ్డీ రేట్ల ముప్పును చెబుతాయి. ఆ ఫండ్ గరిష్ఠంగా ఎంత దూరం వెళ్లొచ్చో అందులో తెలుస్తుంది. ఎఫ్‌డీకి బదులుగా అయితే అక్షరం ఏ దాటకుండా చూసుకోండి. బీ అయితే బాండ్ల జాబితా చదివిన తర్వాతే. సీ వద్దు.

డైరెక్ట్ ప్లాన్ తీసుకోండి. 2013 జనవరి నుంచి ప్రతి పథకానికీ ఇది ఉంది, మధ్యవర్తి కమీషన్ ఉండదు. ఆరు శాతం వచ్చే చోట అర శాతం కమీషన్ అంటే పన్నెండో వంతు. ఎవరో ఒకరు పక్కనుండి చూసుకోవాలనిపిస్తే రెగ్యులర్ ప్లాన్ తప్పేం కాదు, ఎంత ఇస్తున్నారో తెలిసి ఇవ్వండి. లాభం ఫండ్‌లోనే ఉండిపోయే గ్రోత్ ఆప్షనే ఎంచుకోండి. డివిడెండ్ తరహా ఆప్షన్‌లో చేతికొచ్చిన ప్రతిసారీ ఆ మొత్తానికి శ్లాబు పన్ను పడుతుంది. బ్యాంకు కౌంటర్ దగ్గర సంతకం చేసేముందు ఆ కాగితం మీద "పాలసీ" అనే మాట ఉందేమో చూడండి. ఉంటే అది ఫండూ కాదు, ఎఫ్‌డీ కాదు, ఏళ్ల తరబడి ప్రీమియం కట్టాల్సిన ఇన్సూరెన్స్.

నడుస్తున్న ఎఫ్‌డీలను ఇందుకోసం మధ్యలో తీయకండి. పాత రేటు ఎక్కువగా ఉన్నవి గడువు దాకా ఉండనివ్వండి. ఒక్కోటీ గడువు తీరినకొద్దీ దాని తేదీ, మీ పన్ను చూసి కొంత కొంతగా మార్చండి. ఫండ్‌లో మొదట చిన్న మొత్తం పెట్టి, పది రోజులయ్యాక కొంత వెనక్కి తీసి చూడండి. ఇంట్లో ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ల చేత్తోనే తీయించండి. డబ్బు సరైన బ్యాంకు ఖాతాలో పడి, నామినీ పేరు సరిగ్గా నమోదైందని చూసుకున్నాకే మిగతాది పంపండి.